ధర సరే, బాట ఎటుందో అడిగిన్రా?

హైదరాబాదు నుంచి, హన్మకొండ నుంచి మా దిక్కు భూమి కొనేతందుకు వస్తున్న అయ్యలకు, అమ్మలకు,

నమస్తే.

మీరు ఎక్కువగ ఆదివారం పూట వస్తరు. కారు డాంబర్ రోడ్డు మీదనే ఆపి, తుమ్మచెట్టు నీడకు నిలబడి, మధ్యల మనిషి చెయ్యి చాపిన దిక్కు చూస్తరు. ఎకరం ఎంత చెప్తున్నరని అడుగుతరు. రోడ్డు ఫేసింగ్ ఎన్ని ఫీట్లని అడుగుతరు. కాయితాలు సాఫేనా అంటరు. ఫోన్ల దిక్సూచి పెట్టి తూర్పు ఎటున్నదో చూసుకుంటరు. ఇవన్నీ అడగవలసినవే, తప్పులేదు. కానీ ఆ భూమి వెనకాల ఉన్న పొలాలకు తొవ్వ ఎటు నుంచి పోతదని, పైనుంచి వచ్చే వాననీళ్ళు ఎటు దిగుతయని, ఇప్పుడు దాన్ని దున్నుతున్నదెవరని అడిగినోళ్ళను నేను మా ఊర్ల ఇంతవరకు చూడలేదు. ఈ మూడు అడగకుండ కొనుడుతోనే మా దగ్గర గెట్టు (పొలం హద్దు) పంచాయితీలు పెరిగినయి. అందుకే ఈ లేఖ.

ఒక మాట ముందే చెప్త. కొనొద్దని రాస్తలేను. మావోళ్ళే అమ్ముతున్నరు, మీరేం మెడ మీద కత్తి పెట్టి అమ్మించుకుంటలేరు. బిడ్డ పెండ్లికని ఒకరు, కొడుకును మాస్టర్స్‌కు పంపేతందుకని ఒకరు, 2021ల మిర్చికి నల్ల తామర పురుగు తగిలి తోటలకు తోటలు పోయినప్పుడు చేసిన అప్పుకు మిత్తి కట్టలేక ఇంకొకరు. ఇక్కడ ఎకరం అమ్మి పరకాల అవతల రెండెకరాలు కొనుక్కొని నిమ్మళంగ ఉన్నోళ్ళు కూడా ఉన్నరు. ఎవరి లెక్క వాళ్ళది. మా ఊరు వర్ధన్నపేట దిక్కు ఉంటది, పేరు మాత్రం రాస్తలేను. రాస్తే ఈ లేఖను కూడా మధ్యల మనుషులు వాట్సాప్‌ల తిప్పి ‘చూడండి సార్, ఎంత మంచి ఊరో’ అంటరు.

ధరలు పెరిగిన తీరు మీకు నాకన్న బాగ తెలుసు. 2017ల గీసుగొండ, సంగెం మండలాల్ల కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాదిరాయి పడ్డది. హైదరాబాదు రోడ్డు నాలుగు లైన్లయింది. నాగపూర్ నుంచి విజయవాడ పోయే కొత్త హైవే మా దిక్కు నుంచే పోతున్నది. 2025ల మామునూరు ఎయిర్‌పోర్టుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. ఒక్కొక్క ముచ్చట పేపర్ల పడ్డ వారానికే చెలకల్ల ఫ్లెక్సీలు లేస్తయి. నిజాం కాలంల మామునూరుల విమానాలు దిగేవని మా తాతలు చెప్పేటోళ్ళు. మళ్ళ ఎప్పుడు దిగుతయో గానీ, వాటి పేరు చెప్పి ఎక్కడెక్కడి చెలకలల్లనో ప్లాట్లు మాత్రం దిగినయి.

ఇగ బాట సంగతి. మా పొలాలు పట్నంల ప్లాట్ల తీరు రోడ్డు పొంటి వరుసగ ఉండయి. రోడ్డు పక్కన ఒక రైతుది, దాని వెనక ఒకరిది, ఆ వెనక ఇంకొకరిది, చివరికి చెరువు. వెనకోడు ట్రాక్టర్ తోలాలన్నా, ఎరువు బస్తాలు తీసుకపోవాలన్నా, వడ్లు తెచ్చుకోవాలన్నా ముందోని భూమి మీదికెళ్ళే రావాలె. ఎద్దుబండ్లు నడిచిన కాలంల ఇద్దరు రైతులు చెరి ఇంత ఇడిచిపెట్టుకుంటె పడ్డ బాటలు ఇవి. కొన్ని నక్షల గీసి ఉన్నయి. మస్తు బాటలు మాత్రం ఏ కాయితంల లేవు. తాతల నాడు అనుకున్న మాట మీద నడుస్తున్నయి. ఆ మాట తెలిసినోడే అమ్మిండు, తెలియనోడు కొన్నడు, ఇక్కడ తెగుతది సంగతి. రిజిస్ట్రేషన్ అయినంక మీరు సర్వేయర్‌ను తెచ్చి కొలిపిస్తరు. కొలతల బాట కూడా మీ ఎకరంలకే వస్తది. పట్టా అట్లనే ఉన్నది కాబట్టి సర్వేయర్ తప్పేం లేదు. తెల్లారి ట్రాక్టర్ల కడీలు (కంచెకు పాతే రాళ్ళు) దిగుతయి.

మొన్న యాసంగిల ఏమైందో చెప్త. నాకు వరుసకు తమ్ముడయ్యే ఒక రైతుకు చెరువు కింద రెండెకరాల తరి ఉన్నది. దాని ముందటి చెలక ఒక హైదరాబాదాయన కొన్నడు. మనిషి చెడ్డోడేం కాదు, ఊర్లకొస్తే అందరికీ నమస్తే పెడతడు. కడీలు పాతి, ఐదు వరుసల ముళ్ళతీగ గుంజి, ఇనుప గేటు పెట్టి, తాళం ఏసుకొని పోయిండు. తాళం చెవి ఆయన దగ్గరనే ఉన్నది. వరి కోతకొచ్చింది. మాట్లాడుకున్న చైన్ మిషన్ వచ్చి గేటు కాడ ఆగింది. మిషన్‌కు గంటల లెక్క, నిలబడ్డా పైసలే. హైదరాబాదుకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. తర్వాత తెలిసింది, ఆయన తిరుపతి కొండ మీద ఉన్నడట. మిషన్ ఆయన కాసేపు చూసి వేరే ఊరికి పోయిండు, సీజన్‌ల వాళ్ళు ఆగరు. తెల్లారి మబ్బు పట్టింది. మావోడు ఇంటింటికీ తిరిగి కైకిలోళ్ళను బతిమిలాడి కొడవళ్ళతోని కోయించిండు. మిషన్లు వచ్చినంక వరి కోసే చేతులు దొరుకుడే కష్టం, దొరికినోళ్ళు అడిగినంత ఇయ్యాలె. కోసిన వరి కట్టలు నెత్తి మీద పెట్టుకొని ఒడ్ల మీదికెళ్ళి పక్కోని కల్లానికి మోసిన్రు. ఆ పంటల ఆయనకు మిగిలింది బర్లకు గడ్డి. తాళం తీసేటోడు ఒక్కడుంటే మిషన్ పొద్దూకకముందే పని ముగించుకొని పోయేది.

చట్టం ఇట్లాంటి బాటను గాలికి వదిలిపెట్టలేదు. 20 ఏండ్లు అడ్డు లేకుండ, హక్కుగ నడిచిన తొవ్వ మీద నడిచేటోనికి హక్కు ఉంటది. కానీ ఆ హక్కు తెచ్చుకునేతందుకు రెండెకరాల రైతు కోర్టు చుట్టు ఎన్నేండ్లు తిరగాలె? ఆఫీసుకు పోతే దరఖాస్తు పెట్టుమంటరు, ఠాణాకు పోతే సివిల్ మ్యాటర్ అంటరు. అందుకే కొనకముందే తెల్సుకోండి అంటున్న.

తెల్సుకునేది ఎట్లనంటె, ఒకసారి మధ్యల మనిషి లేకుండ రండి. నాలుగు దిక్కుల గెట్టు ఎవరెవరిదో అడిగి, ఆ నలుగురితోటి ఒడ్డు పొంటి నడవండి. లింకు డాక్యుమెంట్లు చెప్పని సంగతులు గెట్టు పక్కోడు చెప్తడు. ఎందుకంటే మా భూములను నిజాం సర్కారు కొలిచింది, ఆ తర్వాత పూర్తి రీసర్వే కాలేదు. టిప్పన్లు (కొలతల కాయితాలు), నక్షలు చినిగిపోయినయి. ఒక్క సర్వే నంబరును అన్నదమ్ములు పంచుకొని, కొంత సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాయితం) మీద అమ్ముకొని, బై నంబర్ల మీద బై నంబర్లు పడ్డయి. కాయితాల మీది ఎకరాలన్నీ కూడితె నేల మీద ఉన్నదానికన్న ఎక్కువొచ్చే నంబర్లు ప్రతి ఊర్ల ఉంటయి. 2017 సెప్టెంబరుల భూ రికార్డుల ప్రక్షాళన అని పెట్టి రికార్డులను సరిచేసిన్రు గానీ నేలను కొలవలేదు.

2020 అక్టోబరు 29న భూ రికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దారు ఆఫీసుల ఒక్క పూటల అయ్యేసరికి మొదట్ల మాకూ బాగనే అనిపించింది. కానీ పాత పహాణీల (ఏటా రాసే ఊరి భూముల రికార్డుల) పట్టాదారు పక్కన అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది. దున్నేది ఎవరో దాంట్ల కనబడేది. ధరణిల అది పోయింది. అదే ఏడాది వీఆర్వోలు (ఊరి రెవెన్యూ అధికారులు) కూడా పోయిన్రు. వాళ్ళు అందరు సుద్దపూసలేం కాదు, పైసలియ్యనిది కాయితం కదిలించనోళ్ళు ఎంతమందో. అయినా ఏ నంబరు ఎక్కడున్నదో, ఏ గెట్టు ఎవరిదో నోటితోని చెప్పే మనిషి ఒకడుండేటోడు. 2025 ఏప్రిల్ 14న ధరణిని తీసి భూభారతి తెచ్చిన్రు. పటం జత పెట్టాలని ఆ చట్టంల రాసిన్రు, గ్రామ పాలన అధికారులను పెట్టిన్రు. మంచిదే. పటంల హద్దు కనబడతది. ఆ హద్దు మీదికెళ్ళి ఎవరి బండి పోతదో పటంల ఉండది, గెట్టు పక్కోడు చెప్తేనే తెలుస్తది.

అట్ల నడిస్తె బాట ఒక్కటే కాదు, ఇంకా చాలా బయటపడతయి. అది లావుణి పట్టా భూమి అయితే ఊర్ల ఏ పిల్లగాన్నడిగినా చెప్తడు. సర్కారు పేదోళ్ళకు పంచిన ఆ భూములను 1977 చట్టం ప్రకారం అమ్మరాదు, కొనరాదు. ‘రేపో మాపో రెగ్యులరైజ్ అయితది సార్’ అని మధ్యల మనిషి అంటడు. ఆ మాట కాయితం మీద రాసి సంతకం పెట్టుమనండి, పెడతడేమో చూద్దాం. తండ్రి పేరు మీది నుంచి వచ్చిన భూమి అయితే, అమ్మేటోనికి అక్కచెల్లెండ్లు ఎందరని అడగండి. ఆడబిడ్డలకు సమాన వాటా అని ఎన్టీఆర్ సర్కారు ఉన్నప్పుడే మన దగ్గర చట్టమొచ్చింది, 2005ల దేశమంతటా వచ్చింది. ‘మా చెల్లె ఏమనదు సార్’ అని అమ్మేటోడు అంటడు. ఎకరం ధర వినేదాక ఏమనదు. ఆమె సంతకం లేకుండ పైసలియ్యకండి.

మేడారం జాతరకు పోయి, వచ్చేటప్పుడు తాడ్వాయి అడవిని చూసి ‘ఇటు దిక్కు తక్కువకు దొరుకుతదట’ అని ఆగేటోళ్ళకు ఒక ముచ్చట. అది ఏజెన్సీ. తాడ్వాయి, ఏటూరునాగారం, కొత్తగూడ, గంగారం దిక్కు గిరిజనుల భూములను కాపాడే 1/70 చట్టం నడుస్తది. గిరిజనులు కానోళ్ళు అక్కడ భూమి కొనరాదు. అమ్మేటోడు కూడా గిరిజనుడు కాకపోయినా సరే, చెల్లది. 1988ల సుప్రీంకోర్టు కూడా దీన్ని ఖాయం చేసింది. తెల్లకాయితం మీద కొన్న భూమికి మీరు ఎంత గట్టి గోడ కట్టినా అది మీది కాదు. ఇంకోటి, విదేశాల్ల ఉంటున్న ఎన్నారైలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌజ్ కొనేతందుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. ఇల్లు, ప్లాటు కొనుక్కోవచ్చు. తండ్రి నుంచి వారసత్వంగ వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. డల్లాస్‌ల కూసొని వీడియో కాల్‌ల చెలక బేరం చేసే పిల్లలకు ఈ సంగతి చాలామందికి తెల్వది, చెప్పవలసిన మధ్యల మనిషికి చెప్పే అవసరం లేదు.

గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల గురించి ఎక్కువ రాయ. గుంట అంటే 121 గజాలు. నాలుగు గుంటలల్ల నాలుగు శ్రీగంధం మొక్కలు పెట్టి, కమాను కట్టి, ‘పాస్‌బుక్కు కూడా వస్తది’ అంటరు. లేఅవుట్ అనుమతి లేదు, నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగ మార్చుడు) లేదు, పంచాయతీ ఇంటికి పర్మిషన్ ఇయ్యది. కొన్నోళ్ళు ఒకటి రెండుసార్లు వచ్చి కమాను కాడ ఫొటో దిగిపోతరు, మొక్కలను మేకలు చూసుకుంటయి.

నీళ్ళ సంగతి వానాకాలంల వస్తెనే అర్థమైతది. మీరేమో సంక్రాంతి అయినంక, లేకపోతే ఎండకాలం సెలవుల్ల వస్తరు. అప్పుడు శిఖం (చెరువు నీళ్ళు నిలిచే జాగ) కూడా చదునైన చెలకనే అనిపిస్తది. ఒర్రె (వాననీళ్ళు పోయే వాగు) ఉన్న జాగల కంపచెట్లు తప్ప ఏం కనబడదు. ఆగస్టుల ముసురు పట్టినప్పుడు గొడుగు పట్టుకొని రండి. పాఖాల, రామప్ప, లక్నవరం, ఘణపురం చెరువులను చూసి కాకతీయుల గొప్పతనం అని అందరంటరు. చిన్న కుంటల కాడ ఆ గొప్పతనం ఇంకా బాగ తెలుస్తది. పై ఊరి చెరువు మత్తడి దుంకితె ఆ నీళ్ళు ఒర్రె పట్టుకొని మా కుంటకు వస్తయి, మాది నిండితె కింది ఊరికి పోతయి. 2015ల మిషన్ కాకతీయ కింద పూడిక తీస్తే ఆ మట్టిని మేమే ట్రాక్టర్లతోని తెచ్చి చెలకల్ల పోసుకున్నం. కానీ చెరువును ఎంత లోతు తీసినా, చెరువుకొచ్చే ఒర్రెకు అడ్డం గోడ కడితె ఏమొస్తది?

మా పక్క ఊర్ల కట్టిన్రు. కొన్నాయన ఒర్రెను మొరం పోసి పూడ్చి, చదును చేసి, ప్రీకాస్ట్ గోడ పెట్టి, లోపల మామిడి మొక్కలు నాటిండు. మొదటి పెద్ద వానకు నీళ్ళు గోడకు తట్టుకొని నిలబడి పైన ఉన్న పత్తి చేను మునిగింది. రెండో వానకు గోడనే కూలి నీళ్ళు మళ్ళ పాత తొవ్వనే పోయినయి. ఆ సిమెంటు పలకలు కింది పొలంల పడ్డయి. కరిగెట (నాటుకు ముందు బురద దున్నుడు) చేసేటప్పుడు ట్రాక్టర్ కేజీవీల్స్‌కు ఆ ఇనుప చువ్వలు తగులుతున్నయి. పలకలు ఎవరు తీయాలన్నది పంచాయితీల ఇప్పటికీ తేలలేదు. పత్తి మునిగినోడు గోడ పెట్టినాయననంటడు, గోడ పెట్టినాయన కాంట్రాక్టరుననంటడు, కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు.

దున్నేటోని సంగతికొస్త. మీరు కొన్న భూమిని అంతకుముందు దున్నింది అమ్మినాయన కాకపోవచ్చు. ఆయన హన్మకొండల ఉండి కౌలుకిచ్చి ఉంటడు. కొన్నంక మీరు పడావు పెట్టవచ్చు, లేదంటే మళ్ళ కౌలుకే ఇయ్యవచ్చు. పడావు పెడితె ఏమైతదో మీకు కనబడది, మాకు కనబడతది. వయ్యారిభామ, సర్కారు తుమ్మ మనిషెత్తు లేస్తయి. అడవి పందులు పొద్దంత మీ కంపల పండి, రాత్రి మా మక్కచేన్లల్ల పడతయి. మీ పెట్టుబడికి కాపలా మేము కాస్తున్నట్టు, మంచె మీద కూసొని డబ్బాలు కొట్టుడు మా వంతు.

అందుకే కౌలుకియ్యండి. ఇచ్చేది కాయితం మీద ఇయ్యండి. ‘కాయితం రాసిస్తే భూమి వాని పేరు మీదికి పోతది’ అని మిమ్మల్ని ఎవరో భయపెట్టే ఉంటరు. 1950 చట్టం కింద రక్షిత కౌలుదార్లయి 38-ఇ సర్టిఫికెట్లు (దున్నేటోనికే భూమి హక్కిచ్చే కాయితాలు) తెచ్చుకున్నోళ్ళు ఉన్న మాట నిజమే, అది దొరల భూములల్ల తరతరాలు దున్నినోళ్ళ కథ. 2011ల కౌలు రైతులకు గుర్తింపు కార్డులియ్యాలని ఇంకో చట్టం వచ్చింది. ఆ కార్డుతోని బ్యాంకుల పంటలోను అడగవచ్చు గానీ, భూమి మీద ఏ హక్కూ రాదు. ఆ చట్టం మా దగ్గర సరిగ్గ నడవలేదు, అది వేరే దుఃఖం.

2018 మే నెలల హుజూరాబాదు దిక్కు రైతుబంధు మొదలుపెట్టినప్పుడు పంటకు ఎకరానికి 4 వేలు. తర్వాత 5 వేలైంది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా అని పేరు మారి 6 వేలైంది, అంటే ఏడాదికి 12 వేలు. అప్పుడూ ఇప్పుడూ పడేది పట్టాదారు ఖాతాలనే. రైతుబీమా 5 లక్షలూ పాస్‌బుక్కు ఉన్నోనికే. మీ భూమిల మోటరు కాడ కరెంటు షాక్ కొట్టి కౌలు రైతు సచ్చిపోతే ఆ ఇంటికి ఆ బీమా రాదు. ఎన్నడూ ఒడ్డు దిగని పట్టాదారు పట్నంల జ్వరంతోని పోయినా వస్తది. దీన్ని మార్చుడు మీ చేతుల లేదు. కానీ మీ ఖాతాల పడ్డ ఆ 12 వేలను కౌలుల తగ్గించుకునుడు మీ చేతులనే ఉన్నది. ఇంకో చిన్న పని కూడా ఉన్నది. వడ్లు సెంటర్‌ల పోసినప్పుడు, పత్తి సీసీఐకి తీసుకపోయినప్పుడు మీ పాస్‌బుక్కు జిరాక్స్ అడుగుతరు, కొన్నిసార్లు మీ ఫోనుకు ఓటీపీ వస్తది. లైన్ల నిలబడ్డోడు ఫోన్ చేస్తే ఎత్తండి.

మీ భూమిల తాటిచెట్లు ఉంటే అవి ఒక్క మీ చెట్లే అనుకోకండి. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి మోకు, ముత్తాదు వేసుకొని ఎక్కే గౌడన్నల బతుకు వాటి మీద ఉన్నది. ఎక్సైజోళ్ళ అనుమతి లేకుండ కొట్టేస్తే కేసయితది. కంచెకు మనిషి పట్టే సందు వదిలితె చాలు. సందు వదిలినోళ్ళకు ఎండకాలంల కల్లు లొట్టి ఎదురొస్తది.

భూమితోని సరిపెట్టక, ఊర్ల ఇల్లు కొనుక్కొని ఉందామనుకునేటోళ్ళు కూడా వస్తున్నరు. వాళ్ళంటే నాకు ఒకింత ఎక్కువ ఇష్టం. ఆబాదీల, అంటే ఊరి ఇండ్ల జాగల, ఉన్న ఇండ్లకు పాస్‌బుక్కు ఉండది. ఇంటి నంబరు, పన్ను రసీదులు, వాటాదార్ల సంతకాలు చూసుకోవాలె, పక్కింటితోని ఉమ్మడి గోడ ఉంటే అది ఎవరిదో ముందే తేల్చుకోవాలె. పాత పెంకుటిల్లు చూసి మురిసిపోకండి. కోతులు ఒక్క పెంకును కూడా ఉన్నజాగల ఉండనియ్యవు. మా ఊర్ల సగం పెంకుటిండ్లు రేకుల ఇండ్లయినయంటే కారణం అవే. జామ, సపోటా పెడతమంటరు, పెట్టండి, పండు మీ నోటిదాక రావాలంటే పొద్దంత కట్టె పట్టుకొని ఒకరు కూసోవాలె. గాలి మంచిగుంటదని వస్తరు, ఉంటది. మిర్చితోటకు మందు కొట్టిన రోజు మాత్రం కిటికీలు మూసుకోవాలె. యాసంగి కోతలప్పుడు దుమ్ము, గుడి మైకు, అర్ధరాత్రి ట్రాక్టర్ల చప్పుడు కూడా ఊరే. వాటి మీద ఫిర్యాదు పెట్టేటోళ్ళు హన్మకొండలనే ఉంటే వాళ్ళకూ మంచిది, మాకూ మంచిది. నల్లా నీళ్ళు వస్తయి, కరెంటు ఉంటది, పెద్ద జబ్బు చేస్తే వరంగల్ ఎంజీఎం దాక 108ల పోవాలె.

ఊరితోని కలిసుండుడంటే ఏందని ఒకాయన అడిగిండు. మా ఊర్ల బొడ్రాయి పండుగ సంగతి చెప్త. ఇంటికి ఇంతని చందా రాస్తరు, ఎక్కడెక్కడి ఆడబిడ్డలందరు వస్తరు. ఒక పూట ఊరు కట్టడి చేస్తరు. బయటోళ్ళు లోపలికి రారాదు, లోపలోళ్ళు పొలిమేర దాటరాదు. భూమి కొని కొన్నేండ్లయిన ఒక సారు సరిగ్గ ఆ పొద్దే కారేసుకొని వచ్చి పొలిమేర కాడ ఆగిండు. ‘నాకు ఇక్కడ భూమి ఉన్నది, నేను ఈ ఊరోన్నే’ అన్నడు. కాపలా ఉన్న పిల్లగాండ్లు ఆయనను ఎన్నడూ చూడలేదు. ఆఖరికి ఒక పెద్దమనిషి వచ్చి, ‘సారూ, చందా రాయించినవా?’ అని అడిగిండు. ఆ సారు అక్కడికక్కడ ఫోన్‌పే కొట్టిండు. కట్టడి ఎత్తినంక లోపలికి పిలిచి, వాకిట్ల కూసోబెట్టి అన్నం పెట్టిన్రు. ఇప్పుడు ఆయన గేటు తాళం చెవి మా వార్డు మెంబరు ఇంట్ల ఉన్నది.

మావోళ్ళేం అమాయకులు కాదు. ఏటా ఒక సాలు గెట్టు మీదికి దున్ని పదేండ్లకు గజం కలుపుకునేటోళ్ళు మా దగ్గర ఉన్నరు. శిఖంల నాట్లేసి, చెరువు నిండితే తూము ఇప్పి నీళ్ళు వదిలినోళ్ళు ఉన్నరు. ఒక్క భూమిని ఇద్దరికి అమ్మినోళ్ళున్నరు. అమ్మేటప్పుడు ‘బాట లేదు సార్, అదంత మా సొంతం’ అని చెప్పుడు మీకొక్కరికే కాదు, వాళ్ళ పక్క పొలమోనికి కూడా ద్రోహం. అందుకే అమ్మేటోని మాట ఒక్కటే నమ్మకండి అంటున్న.

మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. బాట ఉన్న భూమి కొంటే, అది ఎటు నుంచి ఎటు పోతదో, ఎన్ని ఫీట్లో రాయించండి. రిజిస్ట్రేషన్ కాయితంల రాయడానికి వీలు కాకపోతే ముందు చేసుకునే ఒప్పంద కాయితంల రాయించి, గెట్టు పక్కోళ్ళతోని సాక్షి సంతకాలు పెట్టించండి. బాటల పోయిన గుంటల మందం ధర తగ్గించమని అమ్మేటోన్ని గట్టిగ అడగండి. ఆయన మీకు ఇయ్యలేని జాగకు మీరు పైసలెందుకియ్యాలె? ఒర్రె ఉంటే దాని మీద గోడ పెట్టకండి, తప్పదంటే పైపులు కాదు, నీళ్ళు పట్టేంత కల్వర్టు కట్టండి.

ఇప్పటికే కడీలు పాతి గేట్లు పెట్టుకున్నోళ్ళకు ఒక మాట. యాసంగి వరికోతలు ఏప్రిల్‌ల మొదలైతయి. అంతకన్న ముందే తాళం చెవి ఒకటి మీ వెనక పొలమాయనకు ఇయ్యండి. గేటుల చైన్ మిషన్ పట్టకపోతే వెడల్పు చేయించండి, సగం ఖర్చు వెనక పొలాలోళ్ళం వేసుకుంటం. సామాను పోతదని భయముంటే మోటరు గదికి వేరే తాళం పెట్టుకోండి.

ఇట్లు,
వర్ధన్నపేట దిక్కు రైతు